అక్క హాస్టల్‌కు వెళ్ళాక: నాలుగో తరగతి బాబు కడుపునొప్పి కేసు

(గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ మార్చాను. తల్లిదండ్రులూ, అక్కా రాయడానికి ఒప్పుకున్నారు. బాబుకు కూడా అర్థమయ్యేలా చెప్పి అడిగాను. పేర్లు వాడకుండా అక్క, తమ్ముడు అనే రాస్తున్నాను.)

వచ్చిన ఫిర్యాదు

ఆగస్టు చివర్లో ఒక పిల్లల డాక్టరు ఈ బాబును, పిల్లల మానసిక సమస్యలు చూసే నా దగ్గరికి పంపారు. తొమ్మిదేళ్ళు, కోస్తా జిల్లాలోని ఒక పట్టణంలో ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి. దాదాపు రెండు నెలలుగా పొద్దున లేస్తూనే కడుపునొప్పి అంటున్నాడు. ఎక్కడ అంటే బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పి చూపిస్తాడు. బడి టైము దాటితే నొప్పి తగ్గిపోతుంది. ఆదివారం అసలు రాదు. రక్తం, మూత్రం, మలం పరీక్షల్లో ఏమీ తేలలేదు. స్కానింగు రిపోర్టులో పేగుల దగ్గర లింఫు గ్రంథులు కాస్త ఉబ్బి ఉన్నాయని రాశారు. పిల్లల కడుపు స్కానింగుల్లో నేను తరచూ చూసే వాక్యమిది. దాన్ని పట్టుకుని ఒక కోర్సు యాంటీబయాటిక్ వాడటమూ తరచూ జరిగేదే, ఇక్కడా జరిగింది. నట్టల మందు కూడా అయింది. నాయనమ్మ తాయెత్తు కట్టించింది. నొప్పి మాత్రం అలాగే ఉంది.

స్కూలు వాళ్ళ ఫిర్యాదు వేరు. మూడో తరగతిలో చురుకైన పిల్లల్లో ఒకడు, ఇప్పుడు నోటు పుస్తకాలు ఖాళీగా ఉంటున్నాయట. చదవమని లేపితే నిలబడి నేల చూస్తాడు. పక్కవాడు నవ్వాడని టిఫిన్ డబ్బాతో కొట్టాడు.

తండ్రి ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తారు, రాత్రి పదింటికి గానీ ఇంటికి రారు. తల్లి ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, షిఫ్టు డ్యూటీలు. తండ్రి తన నిర్ణయంతోనే వచ్చారు: "ఫోను పిచ్చి మేడమ్, అదొక్కటి మాన్పించండి చాలు. అయినా రెండోవాళ్ళు ఎప్పుడూ ఇంతే, మొండి."

రెండోవాళ్ళ మొండితనం గురించి ఒక్క మాట. పుట్టిన వరుసను బట్టి స్వభావం ఏర్పడుతుందనే నమ్మకానికి వందేళ్ళ కిందటి మానసిక వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ కాలం నుంచీ మంచి గిరాకీ ఉంది. అయితే 2015లో అమెరికా, బ్రిటన్, జర్మనీలకు చెందిన 20 వేల మందికి పైగా వ్యక్తుల వివరాలను ఒక జర్మన్ బృందం పరిశీలించినప్పుడు, తెలివితేటల కొలతలో పెద్దవాళ్ళకు స్వల్పమైన మొగ్గు తప్ప, స్వభావంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇది చెబితే తండ్రి మర్యాదగా తల ఊపారు. నమ్మలేదు.

కేసు షీటులో తోబుట్టువుల గడి నింపాను: ఒక అక్క, పదిహేనేళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్. చేరినది జూన్ రెండో వారంలో. బాబు నొప్పి మొదలైనది జూలై మొదట్లో.

నాయనమ్మ చెప్పింది

తల్లిదండ్రులిద్దరూ ఈ రెండు తేదీలనూ కలిపి చూడలేదు. అక్కకు మంచి మార్కులు వచ్చాయి, పేరున్న కాలేజీలో సీటు వచ్చింది, ఇంట్లో అది పండుగ. పండుగ నుంచి జబ్బు వస్తుందని ఎవరూ అనుకోరు. పైగా బాబు ఆ రోజు ఏడవలేదు కూడా. పెట్టె మోయడానికి ఉత్సాహంగా ముందుకొచ్చాడట.

రెండోసారి బాబును నాయనమ్మ తీసుకొచ్చింది. బయట బెంచీ మీద కూర్చుని ఆమె అన్న మాట నాకు మిగతా రిపోర్టులన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది. "పిల్ల వెళ్ళినప్పటి నుంచీ వీడు సాయంత్రం ఆరయితే మెట్ల మీద కూర్చుంటాడమ్మా. దీపం పెట్టే వేళ గుమ్మంలో కూర్చోవద్దురా అంటే వినడు. అది ట్యూషన్ నుంచి వచ్చే టైము అది."

మేము వాడే ప్రశ్నావళుల్లో ఇలాంటి మాటకు చోటు తక్కువ. పిల్లల ప్రవర్తన, ఇబ్బందుల గురించి అడిగే, బాగా వాడుకలో ఉన్న ఎస్‌డీక్యూలో 25 ప్రశ్నలుంటాయి, తోబుట్టువుల ఊసు లేదు. అలాంటిదే అయినా అంతకంటే చాలా పెద్దదైన సీబీసీఎల్‌లో అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో ఎలా ఉంటాడని అడిగే ప్రశ్న ఒకటుంది. తోటి పిల్లలకంటే "మెరుగు" అన్న గడిలో తల్లి టిక్కు పెట్టింది. నిజమే కదా, వాళ్ళిద్దరూ ఎన్నడూ కొట్లాడుకోలేదు. ఈ విషయానికి మళ్ళీ వస్తాను.

కుటుంబం బొమ్మ గీయించి, అందులో ఎవరు పెద్దగా ఉన్నారో చూసి ఇంటి జాతకం చెప్పే అలవాటు నాకు లేదు. దాని బదులు పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏ పని దగ్గర ఎవరుంటారో చెప్పించాను. పోయిన ఏడాదికి ఒక వరుస, ఈ ఏడాదికి ఒక వరుస. పోయిన ఏడాది వరుసలో దాదాపు ప్రతి చోటా "అక్క" అన్నాడు. ఈ ఏడాది వరుసలో చాలా చోట్ల భుజాలెగరేశాడు.

పుస్తకం మీద చెయ్యి

బాబును తెలుగు వాచకం చదవమన్నాను. నచ్చిన పాఠం తీసుకో అంటే, జూన్‌లో అయిపోయిన మొదటి పాఠం తీశాడు. గడగడా చదివాడు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు, ప్రశ్న దగ్గర గొంతు లేపాడు. అయితే వేలు మూడో వరుస మీద ఉంది, నోరు ఐదో వరుసలో ఉంది. నేను మెల్లగా పేజీ మీద చెయ్యి పెట్టి మూశాను. అతను ఆగలేదు. పేరా చివరిదాకా చెప్పేసి, అప్పుడు చూసుకున్నాడు.

చదవని కొత్త పాఠంలో రెండు వరుసలకే చెమట పట్టింది. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తున్నాడు. వత్తులు వదిలేస్తున్నాడు, గుణింతంలో ఎత్వం ఇత్వం అవుతోంది. ఇంగ్లిషులో ఇంకా కింద. అదే పాఠాన్ని నేను చదివి వినిపిస్తే ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పాడు, ఒకదానికి నేను అనుకోని మంచి జవాబు. భారతీయ పిల్లల తెలివితేటలు కొలిచే ఎంఐఎస్ఐసీ పరీక్షలో తెలివితేటలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి, మాటకు సంబంధించిన భాగాల్లో కాస్త మెరుగు. బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారి అభ్యసన వైకల్య (లెర్నింగ్ డిజేబిలిటీ) పరీక్షల్లో చదవడం, రాయడం ఒకటో తరగతి స్థాయిలో ఆగాయి.

అంటే ఈ ఇబ్బంది నిన్న మొన్నటిది కాదు. మూడేళ్ళుగా అక్క ప్రతి పాఠమూ చదివి వినిపిస్తోంది, అతను విని కంఠస్థం చేస్తున్నాడు. స్కూలుకు కనిపించినది అతని జ్ఞాపకశక్తి. ఫోను పిచ్చి సంగతి కూడా ఇక్కడే కొంత తేలింది. తల్లి ఫోను తీసి చూపించమంటే, ఆటల వీడియోలు చూసిన మాట నిజమే కానీ, వాట్సాప్‌లో అక్క పంపిన వాయిస్ మెసేజీలు ఒక వరుసలో ఉన్నాయి. హాస్టల్‌కు వెళ్ళేముందు ఆమె పరిసరాల విజ్ఞానంలో నాలుగు పాఠాలు చదివి రికార్డు చేసి పెట్టింది. నాలుగు పాఠాలూ జూలైకి అయిపోయాయి.

మరో మాట అతను బొమ్మ కార్లు తోస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు: "హాస్టల్లో ఉన్నవాళ్ళు టీవీలో ఎందుకు వస్తారు?" కాలేజీ హాస్టళ్ళలో విద్యార్థుల ఆత్మహత్యలు, కలుషితాహారం వార్తలు నాయనమ్మ పక్కన కూర్చుని చూస్తున్నాడు. "అక్క కూడా వస్తుందా?" ఇంట్లో ఒకసారి అడిగితే "నోరు మూయి, అపశకునం" అన్నారట.

దసరా సెలవుల్లో అక్క

పిల్లవాడి కేసులో తల్లిదండ్రులను పిలుస్తాం, టీచరుతో మాట్లాడతాం. తోబుట్టువును విడిగా కూర్చోబెట్టి అడగడం మాత్రం మా వృత్తిలో ఇప్పటికీ అరుదు. ఈ అమ్మాయిని దసరా సెలవులకు వచ్చినప్పుడు పిలిపించాను. ముందుగా ఆమె నిద్ర, తిండి, దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి నేరుగా అడిగాను. బాబు భయం ఎంతవరకు ఊహో తేల్చుకోకుండా అతనికి ధైర్యం చెప్పడం సరికాదు. ఆమె బాగానే ఉంది. చెప్పాలంటే ఇబ్బంది పడేంత బాగా ఉంది.

"అక్కడ నేను ఎవరినీ లేపక్కర్లేదు మేడమ్. నా బట్టలు, నా పుస్తకాలు, అంతే. హాయిగా ఉంటుంది." అని, వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వాడు ఇలా అయితే నేను హాయిగా ఉండటం ఏమిటి?"

తమ్ముడికి ఏమేం చేసేదానివో రాసివ్వమని అడిగాను. పొడుగు నోటు పుస్తకంలో రెండు పేజీలు రాసి తెచ్చింది. కొన్ని పంక్తులు ఆమె అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను.

"ఆరున్నరకు లేపాలి. పిలిస్తే లేవడు, కాళ్ళు పట్టి లాగాలి. డైరీ చదివి అమ్మకు చెప్పాలి, వాడు చెప్పేది సగమే ఉంటుంది. పాఠం రెండుసార్లు చదవాలి, రెండోసారి మధ్యలో ఆపితే వాడే చెబుతాడు. టీచరు తిట్టిన రోజు సాక్సులు విప్పడు, అలాగే కూర్చుంటాడు, అప్పుడు ఏమీ అడగకూడదు. కరెంటు పోతే ముందు వాడి దగ్గరికి వెళ్ళాలి. నాన్న వచ్చేలోపు నిద్రపుచ్చాలి. గొడవ మొదలైతే మేడ మీదికి తీసుకెళ్ళి ఎక్కాలు చెప్పించాలి, గట్టిగా చెప్పించాలి."

ఎక్కాలు గట్టిగా ఎందుకో అడిగాను. కిందివి వినపడకుండా.

తల్లిదండ్రుల మధ్య డబ్బు గొడవలున్నాయని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఈ ఏడాది ఆ గొడవ దేని గురించో కూడా ఆమే చెప్పింది. హాస్టల్ ఫీజు కోసం చేసిన అప్పు గురించి. తమ్ముడు ఇప్పుడు మేడ మీదికి వెళ్ళకుండా మంచం మీదే పడుకుని, గొడవలో మాటిమాటికీ అక్క పేరు వింటున్నాడు.

నాకు అర్థమైన తీరు

నిర్ధారణగా రెండు రాశాను: చదవడంలో, రాయడంలో అభ్యసన వైకల్యం, దానితోపాటు ఎడబాటు ఆందోళన. రెండోదాని విషయంలో ఒక సహోద్యోగి అభ్యంతరం చెప్పారు, తల్లి ఇంట్లోనే ఉంది కదా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ఈ ఆందోళనను తల్లిదండ్రులకే పరిమితం చేయలేదు, కుటుంబంలోని ఇతరుల గురించి కూడా ఉండవచ్చని చెబుతుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ పుస్తకం డీఎస్ఎమ్-5 ప్రకారం పిల్లల్లో నాలుగు వారాలు ఉంటే చాలు, ఇక్కడ ఎనిమిది దాటాయి. ఆప్తురాలికి ఏదో జరుగుతుందన్న భయం, ఆ వేళకు వచ్చే ఒంటి నొప్పులు, బడికి వెళ్ళనని మొండికేయడం, మూడూ ఉన్నాయి.

అక్క చెంత పసివాడికి ధైర్యం దొరకడం కొత్త విషయం కాదు. 1983లో రాబర్ట్ స్టూవర్ట్ అనే పరిశోధకుడు తల్లి గదిలోంచి వెళ్ళిపోయినప్పుడు పెద్ద పిల్లలు ఏం చేస్తారో గమనించాడు. వాళ్ళూ చిన్న వయసువాళ్ళే, అయినా దాదాపు సగం మంది ఏడుస్తున్న చంటి తోబుట్టువును ఊరడించారు. ఇళ్ళలో ఎదురుదెబ్బలు తగిలినప్పుడు తోబుట్టువుతో ఆప్యాయత ఉన్న పిల్లల్లో దిగులు, ఆందోళన తక్కువగా పెరుగుతాయని 2007లో జూడీ డన్, జెన్నీ జెంకిన్స్ బృందం చూపింది. తల్లితో పిల్లవాడి సంబంధం ఎలా ఉన్నా ఈ మేలు నిలిచింది. మేడ మీది ఎక్కాలు అక్షరాలా ఆ పనే చేశాయి.

అయితే ఆ మేలులోనే ఒక లోటు పెరిగింది. చదవడం రాదన్న సంగతి బయటపడలేదు. తనకేం కావాలో నోరు తెరిచి చెప్పుకోవడం అతను నేర్చుకోలేదు, ఎందుకంటే సాక్సులు చూసి గ్రహించే మనిషి ఇంట్లో ఉంది. పక్కవాడు నవ్వితే డబ్బాతో కొట్టడం తప్ప మాట తోచలేదు.

అక్క వైపు చూద్దాం. పెద్దపిల్ల చిన్నవాళ్ళను సాకడం ప్రపంచంలో చాలా సమాజాల్లో మామూలు ఏర్పాటు అని 1977లోనే వైజ్నర్, గాలిమోర్ అనే పరిశోధకులు రాశారు. మన పల్లెల్లో చంకన చెల్లినో తమ్ముడినో ఎత్తుకుని ఆడుకునే పిల్లను చూసిన ఎవరికైనా ఇది తెలుసు. కుటుంబ చికిత్సలో పేరున్న సాల్వడార్ మినూచిన్ కూడా 1974లో దీన్ని తప్పుపట్టలేదు. బాధ్యత ఎంతవరకో పెద్దవాళ్ళు స్పష్టంగా చెప్పి అప్పగిస్తే ఇల్లు సాఫీగా నడుస్తుందన్నాడు. చెప్పకుండా పెద్దవాళ్ళు తప్పుకుంటే, ఆ ఖాళీలోకి పిల్ల తనంతట తానే వెళితే, అప్పుడు చిక్కు. ఆ రెండు పేజీల్లోని పనుల్లో తల్లిదండ్రులు ఆమెకు అప్పగించినవి రెండో మూడో. మిగతావి ఆమె చేస్తోందనే వాళ్ళకు తెలియదు.

ఉమ్మడి కుటుంబంలోనో, ఐదారుగురు పిల్లల ఇంట్లోనో అయితే ఒకరు వెళ్ళినా మరొకరు ఉండేవారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక స్త్రీకి పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇద్దరున్న ఇంట్లో పదో తరగతి అయిన జూన్‌లో ఒకరు హాస్టల్‌కు వెళితే రెండోవారు రాత్రికి రాత్రి ఏకైక సంతానం అవుతారు. మన రెండు రాష్ట్రాల్లో ఏటా ఎన్ని ఇళ్ళలో జరుగుతోందో ఇది. సీటు గురించి, ఫీజు గురించి ఇల్లంతా ఆలోచిస్తుంది, ఇంట్లో మిగిలిన పిల్లవాడితో కూర్చుని మాట్లాడినవాళ్ళు నాకు చాలా తక్కువగా తారసపడ్డారు.

చేసినవి

అందరికీ ముందు తోచినది అక్కను వెనక్కి తెచ్చి ఊళ్ళో కాలేజీలో చేర్పించడం. నాయనమ్మ పట్టుబట్టింది, తల్లి సగం మెత్తబడింది, అమ్మాయి కూడా తలవంచుకుని సరే అంది. నేను గట్టిగా వద్దన్నాను. తీసుకొస్తే కడుపునొప్పి వారంలో పోతుంది, చదవడం రాదన్న సంగతి మళ్ళీ మరుగున పడుతుంది, అమ్మాయి తన హాయికి జీవితాంతం క్షమాపణ చెప్పుకుంటుంది.

అందుకని ఆ రెండు పేజీలను బల్ల మీద పెట్టి, పని పనికీ ఎవరు తీసుకుంటారని తల్లిదండ్రులను అడిగాను. చదువుతున్నంతసేపూ తల్లి ఏమీ మాట్లాడలేదు. తండ్రి సాక్సుల పంక్తి దగ్గర ఆగి, "ఇది నాకు తెలియదు" అన్నారు. లేపడం, బడికి దింపడం ఆయన తీసుకున్నారు. అంతవరకు కొడుకు బడికి వెళ్ళాకే ఆయన నిద్రలేచేవారు. మొదటి వారంలో నాకు ఫోను చేసి, "కాళ్ళు లాగినా లేవడం లేదు మేడమ్, ఆ పిల్ల ఎలా లేపేదో" అన్నారు. తల్లి కొన్ని నెలలు పగటి షిఫ్టు అడిగి తీసుకుంది, డైరీ ఆమె వంతు. డబ్బు మాటలు రాత్రి ఇంట్లో మాట్లాడకూడదని, ఆదివారం నాయనమ్మ బాబును గుడికి తీసుకెళ్ళినప్పుడే మాట్లాడుకోవాలని ఒప్పందం. ఇది పూర్తిగా నిలబడలేదు, కానీ అరుపులు తగ్గాయి. ఫీజు అక్క తప్పు కాదని తండ్రి బాబుతో ఒకసారి కూర్చుని చెప్పారు. బాబు విని, "మరి అప్పు ఎప్పుడు అయిపోతుంది?" అని అడిగాడట. నెలనెలా ఎంత కడుతున్నారో ఆయన చెప్పారు.

బడికి మొదట రెండు పీరియడ్లు, ఆ తర్వాత మధ్యాహ్నందాకా, నవంబరుకు పూర్తి రోజు. నొప్పి వస్తే ఇంటికి ఫోను చేయకుండా స్టాఫ్ రూములో పది నిమిషాలు కూర్చుని క్లాసుకు వెళ్ళాలి. క్లాసు టీచరు మంచి మనిషి, చదవమని నలుగురిలో లేపడం మానేసింది. స్పెషల్ ఎడ్యుకేటర్ వారానికి మూడు రోజులు గుణింతాలు, వత్తులు శబ్దం నుంచి మొదలుపెట్టింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్నీ గుర్తించింది కనుక సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయించాను. "దివ్యాంగుడు" అన్న మాట దగ్గర నాయనమ్మకూ నాకూ గట్టి వాదనే జరిగింది.

హాస్టల్ ఫోను ఆదివారం పది నిమిషాలు. అక్క ఆ పది నిమిషాలూ హోంవర్కు, డైరీ, కడుపునొప్పి ఆరా తీయడంతో గడిపేది. ఆరా ఆపి, తన కష్టం ఒకటి తమ్ముడికి చెప్పమన్నాను. మొదటిసారి సాంబారు నీళ్ళలా ఉంటుందని చెప్పింది. బాబు రోజంతా ఆలోచించి, అక్కకు పచ్చడి సీసా పంపాలని తల్లితో పేచీ పెట్టి పంపించాడు. వార్తల భయానికి "ఏమీ కాదు" అన్న మాట వాడలేదు. అక్కకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి చెబుతుంది, వార్డెన్ ఎవరు, అమ్మ ఎంతసేపట్లో చేరుకోగలదు, ఇవన్నీ అక్క చేతే చెప్పించాం. బొమ్మల ఉత్తరాలు కూడా మొదలుపెట్టించాను కానీ మూడింటితో ఆగిపోయాయి, ఇద్దరికీ ఆసక్తి లేదు.

సంక్రాంతి గొడవ

సంక్రాంతికి అక్క వచ్చిన మూడో రోజు తల్లి కంగారుగా ఫోను చేసింది. రిమోటు కోసం ఇద్దరూ కొట్టుకున్నారు. వాడు ఆమె చెయ్యి కొరికాడు, ఆమె చెంప మీద ఒకటి ఇచ్చింది, ఇల్లెగిరిపోయేలా అరుచుకుంటున్నారు. "ఎప్పుడూ ఇలా లేరు మేడమ్, మళ్ళీ మొదటికి వచ్చిందా?"

నాకు సంతోషమే వేసింది. అమ్మలాంటి అక్కతో ఎవరు కొట్లాడతారు? కేంబ్రిడ్జిలో 40 కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి పిల్లలను గమనించిన జూడీ డన్, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో పసిపిల్లలు తోబుట్టువులతో ఆటలోనూ తగాదాలోనూ ఎంత తొందరగా పసిగడతారో 1980లలోనే చూపింది. ఈ బాబు ఆ బడికి తొమ్మిదేళ్ళకు వెళ్ళాడు. మధ్యలోకి వెళ్ళి తీర్పు చెప్పవద్దని, కొరకడం, కొట్టడం కుదరవని మాత్రం ఇద్దరికీ చెప్పి వదిలేయమని అన్నాను. గంట తర్వాత ఇద్దరూ అదే టీవీ ముందు ఉన్నారట.

తోబుట్టువుల కొట్లాటలన్నీ ఇలా ముద్దుగా ఉండవు. ఇంగ్లండులో దాదాపు 7 వేల మంది పిల్లలను అనుసరించిన 2014 అధ్యయనంలో, పన్నెండేళ్ళప్పుడు తోబుట్టువు చేతిలో వారానికి చాలాసార్లు వేధింపులకు గురైనవారికి పద్దెనిమిదేళ్ళకు డిప్రెషన్ వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు ఉంది. ఎప్పుడూ ఒకే పిల్ల లేదా ఒకే పిల్లవాడు ఏడుస్తుంటే, ఆ ఏడుపులో భయం ఉంటే, "పిల్లలన్నాక కొట్టుకుంటారు" అని వదిలేయకూడదు. ఇక్కడ ఇద్దరూ అరిచారు, ఇద్దరూ గెలవాలని చూశారు.

ఇప్పటి పరిస్థితి

మార్చి నాటికి కడుపునొప్పి నెలకు ఒకటి రెండుసార్లు, ఎక్కువగా పరీక్షల ముందు. తెలుగు చదవడం రెండో తరగతి స్థాయికి వచ్చింది, ఇంగ్లిషు ఇంకా వెనకే ఉంది, మరో రెండేళ్ళయినా పని ఉంటుందని తల్లిదండ్రులకు చెప్పాను. సర్టిఫికెట్ వచ్చింది, పరీక్షలో అదనపు సమయం ఇస్తున్నారు. మెట్ల మీద కూర్చోవడం ఎప్పుడు మానేశాడో నాయనమ్మకు గుర్తులేదు.

వేసవి సెలవుల్లో అక్క తనంతట తాను ఫోను చేసి, తనకోసం అపాయింట్‌మెంట్ అడిగింది. తమ్ముడి గురించి కాదు, అమ్మానాన్నలకు చెప్పకూడదు అంది. పదహారేళ్ళ అమ్మాయి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా చికిత్స మొదలుపెట్టలేనని, అయితే మా మధ్య ఏం మాట్లాడుకున్నామో వాళ్ళకు చెప్పనక్కర్లేదని వివరించాను. తల్లి చేత సంతకం తెచ్చుకుంది. ఆమెకు వేరే ఫైలు తెరిచాను. రెండు ఫైళ్ళనూ వేర్వేరు అరల్లో పెడుతున్నాను. తమ్ముడి సెషన్లో "అక్క మీకేం చెప్పింది?" అని అతను అడిగితే, అక్కనే అడగమంటున్నాను.